నూకాలు ఒడిగుడ్డ

జ్యేష్ఠం, మొదటి సోమవారం

పంపు బాగానే ఉంది. నేనే బాగా లేను.

ఈ పుస్తకంలో పంపు సంగతులు తప్ప ఇంకేవీ రాయకూడదని, మొన్న తనిఖీకి దిగిన అయ్యగారు వేలు ఆడించి మరీ చెప్పి వెళ్ళారు. అయ్యా, పంపు సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. పైనుంచి గాలి దిగుతోంది, కింది చెమ్మ పైకి పోతోంది, మా పీతల వరస గదుల్లో ఉన్న వాళ్ళందరూ ఊపిరి పీలుస్తున్నారు. మిగిలిన పేజీ ఏం చేయమంటారు? తినమంటారా?

ఛాతీ మీద దురద. ఎడమ పక్క, సరిగ్గా నూకాలు తల ఆనించే చోట. రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ లేచింది. వరస చివర ఉన్న వైద్యం అద్దం ముందు నిలబడితే అది నన్ను కిందికీ మీదికీ చూసి, "చెమ్మ వల్ల వచ్చిన దద్దురు" అని ఒంటికి రాసుకునే చల్ల మందు గొట్టం ఒకటి రాల్చింది. రాసుకున్నాను. అబ్బ, ప్రాణం లేచి వచ్చింది! సాయంత్రానికి ఎరుపు సగం పోయింది. ఇంత మంచి మందు కనిపెట్టిన మహానుభావుడి కడుపు చల్లగా ఉండాలి.

నూకాలంటే నా కూతురూ కాదు, మనవరాలూ కాదు. పక్క గదిలో ఉండే లోలాక్షి బిడ్డ. ఇక్కడ సముద్రం అడుగున గోడలు మంచుగడ్డల్లా ఉంటాయి, నేల ఇంకా చలువ. అందుకని నడక వచ్చేదాకా బిడ్డని కింద దించం. వరసలో వాళ్ళందరం వంతుల వారీగా, ఒకే ఒడిగుడ్డలో, ఒంటికి ఆనించుకుని మోస్తాం. లోలాక్షి పొద్దున్నే నాచు తోటలోకి ఈతకి వెళ్తుంది. ఆ పూట వంతు నాది.

నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడక్కండి, నా నోరు ఎలాంటిదో చదువుతూనే ఉన్నారు కదా. ఉన్నమాట చెప్పాలంటే ఈ వరసలో నన్ను తాకే మనిషి ఆ గుంట, ఆ చంటిపిల్ల ఒక్కతే. గాలి ఒత్తిడి చూపే పంపు ముల్లు మీద గొణుగుతూ నేను పని చేసుకుంటుంటే, నా మీసం గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతుంది.

జ్యేష్ఠం, శుక్రవారం

పంపు బాగానే ఉంది.

మచ్చ పోయిందనుకుంటే పోలేదు. ఎరుపు తగ్గి, అడుగున పాకింది. అరచేయంత అయింది. నడుం దగ్గర, మొలతాడు కింద కూడా మొదలైంది, అక్కడి వివరాలు తనిఖీ అయ్యగారికి అనవసరం. మళ్ళీ అద్దం ముందు నిలబడ్డాను. మళ్ళీ దద్దురే అంది. మళ్ళీ గొట్టం.

లోలాక్షికి పక్కటెముకల మీద వచ్చింది. ఎదురుగది కోదండానికి పొట్ట మీద వచ్చింది. అందరం ఒకే గొట్టం పిండుకుంటున్నాం, పెళ్ళిలో గంధం పంచుకున్నట్టు.

ఇవాళ గుడ్డ విప్పి చూస్తే నూకాలు పొట్ట మీద ఒక గుండ్రని చుట్టు కనిపించింది. మాలాగా అలుక్కుపోయినట్టు లేదు. గాజు పెట్టి గీసినట్టు ఎర్రటి అంచు, అంచు మీద సన్నగా పొట్టు, మధ్యలో చర్మం మామూలుగా ఉంది. 

"పెద్దమ్మా, గుంటని ఒక్కసారి అద్దం కాడికి తీసికెల్దావా?" అని లోలాక్షి మెల్లిగా అడిగింది. పెద్దమ్మ అంటే సూరప్పమ్మ. వరసలో అందరికంటే పెద్దది, నేను అక్క అనే లెక్కన అప్పా అంటాను, ఒడిగుడ్డ ఆవిడ ఆధీనంలో ఉంటుంది, మేమందరం కూడా ఉంటామనుకోండి.

"నడక రాని బిడ్డకి అద్దం సూపిత్తారేటే? నీకేమైనా మతి పోనాదా?" అని ఆవిడ కళ్ళెర్రజేసింది. "దిష్టి తగిలిందది. ఉప్పు తిప్పి పడేత్తే పోద్ది."

"అది మొహం సూసుకునే అద్దం కాదప్పా, వైద్యం అద్దం," అన్నాను నేను.

"అందులో మొహం కనపడదేటి?"

కనపడుతుంది. చిన్న బిడ్డకి అద్దం చూపకూడదన్న మాట పైనుంచి మా తాతలతోపాటే దిగింది. గిన్నెలూ తపేలాలూ పైన వదిలేశారు గానీ ఇలాంటివన్నీ మూట కట్టుకుని తెచ్చారు. చల్ల మందు మాత్రం బిడ్డకి రాయొద్దని లోలాక్షి పట్టుబట్టింది. పసి ఒంటికి పెద్దవాళ్ళ మందు ఎందుకంది. ఆ పిల్ల మొండితనమే మమ్మల్ని కాపాడిందని అప్పుడు తెలీదు.

జ్యేష్ఠం, రెండో బుధవారం

పంపు సంగతి తరవాత.

పొద్దున్న నా ఒడిలో నూకాలు ఒకటే ఏడుపు. మీసం ఇచ్చినా పట్టుకోలేదు. పొట్ట మీద చుట్లు ఇప్పుడు మూడయ్యాయి, ఒకదాన్ని గోకి గోకి రక్తం తెచ్చుకుంది. ఆ చిన్న గోళ్ళలో రక్తం చూశాక నాకు ఇంక అద్దాలూ ఆచారాలూ కనబడలేదు. పంపు కోదండానికి అప్పజెప్పి, ఆరు వరసలు దాటి వెళ్ళి, డాక్టర్ జరీనాని తీసుకొచ్చాను. మనిషి డాక్టర్. అద్దాలు వచ్చాక ఆవిణ్ణి ఎవరూ పిలవరట, నన్ను చూసి పక్షవాతమో ప్రసవమో అనుకుందట.

నూకాలు పొట్ట చూసీ చూడగానే, "ఇది తామర" అంది. "ఎక్కువగా చెమ్మలో పెరిగే ఫంగస్. బూజు లాంటిదే అనుకోండి. మధ్యలో మానుతూ అంచు మీద పెరుగుతూ పోతుంది, అందుకే ఇలా చుట్టులా ఉంటుంది."

అంచు మీది పొట్టుని గాజు బిళ్లతో మెత్తగా గీరి, దాని మీద ఏదో చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో పెట్టి నన్నూ చూడమంది. సన్నసన్నని పోగులు, కొమ్మలు వేసుకుంటూ. ఆ పోగులు నా పిల్ల పొట్ట మీదా! ఛీ, దాని దుంప తెగ!

తరవాత నన్ను చొక్కా విప్పమంది.

"ఏం రాస్తున్నారు దీనికి?"

గొట్టం చూపించాను. ఆవిడ మొహం మాడ్చుకుంది.

"పైడన్నగారూ, ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపునీ దురదనీ నొక్కేస్తుంది, ఫంగస్‌ని మాత్రం మేపుతుంది. పొగ కనపడకుండా మూత పెట్టి, లోపల మంట వదిలేసినట్టు. అంచు చెరిగిపోయింది చూడండి. అద్దం ఆ అంచు కోసమే వెతుకుతుంది. మీకు మొదట్లో అంచు తేలి ఉండదు, తరవాత ఈ మందు చెరిపేసింది, అందుకే మళ్ళీ మళ్ళీ ఇదే మందు ఇస్తోంది. నడుం దగ్గర కూడా ఉందా?"

"లేదు," అన్నాను.

"ఉంది," అంది లోలాక్షి. "గోక్కుంటుంటే వరసంతా సూత్తాది కదా మావా."

"మరి ఈ పాపని అద్దానికి చూపించలేదా?" అని డాక్టరమ్మ అడిగింది. "చూపించి ఉంటే మొదటిరోజే తామర అని చెప్పేది."

సూరప్పమ్మ గోడ వైపు చూస్తూ నిలబడింది.

అప్పుడు డాక్టరమ్మ ఒడిగుడ్డ చేతిలోకి తీసుకుంది, వాసన చూసింది. "దీన్ని ఎప్పుడు ఉతికారు?"

ఉతకం. అదీ సంగతి. బిడ్డ పుట్టినరోజు కట్టిన గుడ్డ, మొదటి అడుగు వేసేదాకా నీళ్ళు చూడదు. మా తాతలు దిగిన కొత్తలో ఒకసారి దీపాలన్నీ పోయి, వరస వరసంతా చీకటైపోయిందట. ఎవరి బిడ్డ ఎవరి చేతిలో ఉందో తెలీదు. తన వాళ్ళ వాసన ఉన్న గుడ్డలో పెడితేనే ఒక్కో బిడ్డా ఊరుకుందట. అప్పట్నుంచి బిడ్డకి చుట్టాలంటే ఆ గుడ్డలో ఉన్న వాసనలే.

"ఒకరి ఒంటి మీద నుంచి ఇంకొకరికి తామర మోస్తున్నది ఈ గుడ్డే," అంది జరీనా. "సలసల కాగే నీళ్ళలో ఉడకబెట్టి, ఎండలో ఆరబెట్టాలి."

"నాను బతికుండగా జరగదు," అని సూరప్పమ్మ గుడ్డ లాక్కుని వెళ్ళిపోయింది.

జ్యేష్ఠం, గురువారం

పంపు గదిలో వేడి గొట్టం పక్కన నా అన్నం తపేలా పెట్టుకుంటాను. మధ్యాహ్నం నేను తింటుంటే సూరప్పమ్మ గుమ్మంలో నిలబడింది. భుజం మీద ఒడిగుడ్డ.

"రాత్రంతా గుంట పడుకోనేదు. గోక్కోకుండా దాని సేతులు నాను పట్టుకుని కూకున్నాను," అంది. "నా కొడుకుల్ని మోసినప్పుడు ఉతకనేదు. మా యమ్మ నన్ను మోసినప్పుడు ఉతకనేదు."

"తెలుసప్పా."

"నీ కాడ వేడినీల్లు ఉన్నాయి కదా. నువ్వే ఉడకబెట్టు. నా సేతుల్తో నాను సెయ్యలేను."

గుడ్డ నా ఒళ్ళో పడేసి వెనక్కి తిరిగింది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కూడా వీపే చూశాను.

తపేలాలో అన్నం కోదండానికి పెట్టేసి, నీళ్ళు మరగబెట్టాను. ముంచేముందు గుడ్డని ఒకసారి మొహానికి ఆనించుకున్నాను. లోలాక్షి ఉప్పునీటి వాసన, సూరప్పమ్మ చుట్ట వాసన, పుల్లటి పాల వాసన, వాటన్నిటి అడుగున పంపు నూనె. అది నేను. నీళ్ళు ఒక్క క్షణంలో బురద రంగుకి తిరిగాయి. పంపు నూనె పోయాక ఆ గుంటకి నేనెవర్ని?

జ్యేష్ఠం, శుక్రవారం

గిలక బుట్టలో పైకెళ్ళాను. తెల్లారాక కాసేపే పైన నిలబడనిస్తారు, ఆ తరవాత ఎండ మనిషిని మాడ్చేస్తుంది. పైకి వెళ్ళి చాలా ఏళ్ళయింది. సముద్రం మీద వెలుతురు పరుచుకుంటుంటే కళ్ళు నీళ్ళు కారాయి, ఎండకే లెండి.

గుడ్డని తీగ మీద వేసి, అటొకసారి ఇటొకసారి తిప్పాను. చొక్కా విప్పి నేనూ నిలబడ్డాను. కాపలా ఉన్న ఆయన, "ఏమయ్యా, నిన్ను కూడా ఆరేశారా?" అన్నాడు. నవ్వాను. కిందికొచ్చేసరికి గుడ్డ గలగల్లాడుతోంది, ఎండ వాసన తప్ప ఏ వాసనా లేదు.

ఆ గుడ్డలో పెట్టగానే నూకాలు గుక్కపట్టి ఏడ్చింది. సూరప్పమ్మ ఎత్తుకున్నా, అమ్మ ఎత్తుకున్నా ఏడుపే. సూరప్పమ్మకి మచ్చల్లేవు, లోలాక్షి పాలివ్వాలి కాబట్టి మచ్చల మీద కట్టు కట్టి వదిలింది డాక్టరమ్మ, నాకు మాత్రం ఎత్తుకునే భాగ్యం లేదు. నా ఒంటి మీద ఉన్నంతా పోయి, పోయాక కూడా రెండు వారాలు జరీనా ఇచ్చిన ఫంగస్ మందు రాసి, అప్పుడు గీరి చూసి సరే అంటేనే నా వంతు. మచ్చ మీదే కాదు, మచ్చ దాటి రెండు వేళ్ళ మేర రాయాలి. బనియన్ రోజూ మార్చాలి. తువ్వాలు ఎవరిది వాళ్ళకే. నేను చల్ల మందు అందరికంటే ఎక్కువ పట్టించాను కాబట్టి నాకు మాత్రం మాత్రలు కూడా.

గోడ ఇవతల కూర్చుని ఆ ఏడుపు విన్నాను. మధ్యాహ్నానికి ఆగింది. లోలాక్షి వచ్చి, "పడుకుంది మావా. తల్లి వాసన మల్లీ పట్టీసింది గుడ్డకి," అంది. సంతోషమే. నా వాసన ఎప్పుడు పడుతుంది మరి?

ఆషాఢం, మొదటి ఆదివారం

పంపు బాగానే ఉంది.

నూకాలు పొట్ట నున్నగా అయిపోయింది. చుట్లున్న చోట లేత మరకలు తప్ప ఏమీ లేవు. లోలాక్షిదీ మానింది. కోదండం కూడా వంతుకి వచ్చేశాడు, వాడి పొట్టకి అంత తొందరేంటో.

నాది కూడా మానింది. ఛాతీ చూసుకుంటే మచ్చ లేదు, దురద లేదు. ఇంకా ఎన్నాళ్ళు రాస్తాం ఈ జిడ్డు? ఆపేశాను.

ఆషాఢం, మూడో మంగళవారం

తిరిగి వచ్చింది. అదే చోట, ఈసారి చక్కటి అంచుతో.

డాక్టర్ జరీనా నన్ను తిట్టిన తిట్లు ఈ పుస్తకంలో రాస్తే తనిఖీ అయ్యగారు సిగ్గుపడతారు. "కనపడకపోతే లేనట్టా? పంపు చప్పుడు కాసేపు వినపడకపోతే పంపు లేదనుకుంటారా?" అంది.

పంపు చప్పుడు వినపడకపోతే నేను పరుగెడతాను. అది నిజం. నోరు మూసుకుని మందు గొట్టాలు తీసుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి.

ఇటు నూకాలు ఒడిలోంచే గోడ పట్టుకుని నిలబడడానికి చూస్తోందట. నడక వచ్చేస్తే ఒడి ముగిసిపోతుంది. మా వరసలో పద్ధతేంటంటే, ఎవరి ఒడిలోంచి దిగి మొదటి అడుగు వేస్తుందో వాళ్ళదే ఆఖరి వంతు. ఆ రోజే గుడ్డని ముక్కలు చేసి మోసినవాళ్ళందరికీ పంచుతారు. నేను మందు ఆపిన పాపానికి ఆ పిల్లని మళ్ళీ ఎత్తుకోకుండానే అది పెద్దదైపోతుంది. చెంపలేసుకున్నాను. ఒక్క చెంప కాదు, రెండూ.

ఆషాఢం, ఆఖరి గురువారం

తనిఖీ అయ్యగారూ, ఇది ఫిర్యాదు కింద తీసుకోండి.

సూరప్పమ్మ పొద్దస్తమానం ఆ గుంటని చంక దింపడం లేదు. నా వంతు కూడా ఆవిడే మోస్తోంది. బిడ్డ కాళ్ళు తన్నుకుంటుంది, నేల వైపు వంగుతుంది, ఆవిడ పైకి లాక్కుంటుంది. నిన్న కోదండం దించబోతే చేతి మీద ఒక్కటి వేసింది. ముసల్దానికి ఎంత స్వార్థమండీ! నేను పంపు గది గుమ్మంలోంచే అరిచాను.

"అప్పా, గుంట కాల్లు సచ్చుబడిపోతాయే! కాసేపు దింపు!"

"నీ పంపు నువ్వు సూసుకోరా. నీకు నాను సెప్పక్కర్నేదు, నాకు నువ్వు సెప్పక్కర్నేదు."

"నడుం పట్టేసి నడవలేకపోతున్నావు, నాకు కనపడదేటి?"

"నా నడుం నా ఇష్టం. నువ్వు మందు రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"రెండు వేళ్ళు దాటించి?"

"దాటించి!"

"బనియన్?"

"మార్చాను తల్లీ, మార్చాను!"

అలా అరుచుకుంటుంటే నూకాలు నా వైపు మెడ తిప్పి చూసింది. ఒక్కసారే. అది నన్ను చూసిందో, పంపు ముల్లుని చూసిందో తెలీదు.

శ్రావణం, మూడో శనివారం

ఇవాళ జరీనా నా ఛాతీ గీరింది, నడుం గీరింది, చాలాసేపు సూక్ష్మదర్శినిలోకి వంగి చూసింది. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను.

"ఒక్క పోగు లేదు. వెళ్ళండి," అంది.

ఆరు వరసలూ ఎలా దాటానో నాకు తెలీదు. నేను వచ్చేసరికి సూరప్పమ్మ పంపు గది గుమ్మంలోనే ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. మొహం చూసి తెలుసుకుంది.

"ఇంద," అని గుడ్డతో సహా నూకాలుని నా మెడకి తగిలించింది. "నడుం ఇరిగిపోనాది."

గుంట బరువెక్కింది. నా ఛాతీకి మొహం ఆనించి వాసన చూసి, నొసలు చిట్లించింది. పెదవి విరిచింది. ఏడుస్తుందనుకున్నాను. పంపు వైపు తిరిగాను, మొహం ఎవరికీ కనపడకుండా.

"చూడు, చూడు, ఈ ముల్లు మళ్ళీ పక్కకి వాలింది. ఎవడు చేశాడండీ దీన్ని, వాడి చేతులు పడిపోనూ!" అని గొణిగాను, చేతులు వాటంతటవే మర బిగిస్తుంటే.

చిన్న గుప్పిట ఒకటి వచ్చి నా మీసం పట్టుకుంది.

వాసన కాదు, నా గొణుగుడు. ఇన్నాళ్ళూ గోడ ఇవతల నేను అరిచిన అరుపులన్నీ అది వింటూనే ఉంది. నేను ఏడ్చాను. దాచుకునే ఓపిక కూడా లేదు.

కాసేపయ్యాక సూరప్పమ్మ, "దింపు," అంది.

"ఏటి?"

"దింపరా. దాన్ని ఇంకెన్నాల్లు ఆపీమంటావు?"

నాకు అర్థం కాలేదు. అప్పటికి వరసంతా గుమ్మంలో మూగింది, లోలాక్షి లోపలికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. "ఆషాడం నుంచే అది నడిసీడానికి సిద్ధంగా ఉంది మావా. పైడిగాడి వంతు మిగిలుండగా గుంట నేల తొక్కడానికి ఈల్లేదని పెద్దమ్మ పట్టుబట్టింది. ఎవుల్నీ దింపనివ్వనేదు. తనే మోసింది రేత్రీ పగలూ."

నేను ముసలిదాని వైపు చూశాను. స్వార్థం అని రాశాను కదా పైన. కొట్టేయను, ఉండనివ్వండి, తరవాత వచ్చేవాళ్ళు చదివి నన్ను తిట్టుకోవాలి.

"ఎందుకప్పా?" అన్నాను.

"నీ సేతుల్తోనే కదరా గుడ్డ ఉడకబెట్టించాను," అంది ఆవిడ, చుట్ట వెతుక్కుంటూ. "దింపు, దింపు. నేల సలవ తగలకుండా గోనె పరిసేను."

ముడి విప్పాను. నూకాలుని గోనె మీద నిలబెట్టాను. నా మీసం వదలడానికి దానికి కాస్త టైము పట్టింది. తరవాత వదిలింది. ఊగింది. ఒకడుగు, ఇంకో అడుగు, సూరప్పమ్మ ఒళ్ళోకి వెళ్ళి పడింది. వరసంతా కేకలు. కోదండం ఈల వేశాడు.

గుడ్డ పంచారు. నాకు మూల ముక్క వచ్చింది. ఒంటికి కట్టుకుందామనుకున్నాను గానీ ఇక్కడ చెమట ఎక్కువ, డాక్టరమ్మ చంపేస్తుంది. శుభ్రంగా ఉతికి, వేడి గొట్టం పక్కన మేకుకి తగిలించాను. ఛాతీ తేలిగ్గా ఉంది, చల్లగా కూడా ఉంది. రేపు పొద్దున్న ఎవరినీ ఎత్తుకోను, తలుపు తీసి ఉంచుతాను, నడిచి వస్తే వస్తుంది.

తనిఖీ అయ్యగారూ, ఇవాళ ముల్లు ఎక్కడుందో రాసుకోలేదు. అందరం ఊపిరి పీలుస్తున్నాం.